మూడో జెన్ ఓయూ: నా స్వీకూన్ కూర్చోకముందే పోతోంది, బల్కీ స్వీపర్‌ని ఎలా వాడాలి?

చేపలపులుసు రాశారు:

అందరికీ నమస్తే. షోడౌన్‌లో (ఆన్‌లైన్‌లో పోకెమాన్ మ్యాచ్‌లు ఆడే సైట్) మూడో జెన్ (రూబీ, సఫైర్ తరం ఆట) ఓయూ (ఓవర్‌యూజ్డ్, ఎక్కువగా వాడే పోకెమాన్‌ల విభాగం) ఆడటం మొదలుపెట్టి రెండు నెలలైంది. టీమ్: టైరానిటార్, స్కార్మరీ, బ్లిస్సీ, డగ్‌ట్రియో, గెంగార్, స్వీకూన్. స్వీకూన్‌ని బల్కీ స్వీపర్‌గా (దెబ్బలు ఆగుతూ బలం పెంచుకుని చివర్లో ఊడ్చేసేదిగా) వాడాలని నాలుగు మూవ్‌లు ఇచ్చాను: కామ్ మైండ్ (బలం పెంచుకునేది), సర్ఫ్ (నీటి దెబ్బ), రెస్ట్ (నిద్రపోయి ప్రాణం నింపుకునేది), స్లీప్ టాక్ (నిద్రలోనే మూవ్ వేసేది). చేతిలో లెఫ్టోవర్స్ (ప్రతి టర్న్ కొంచెం ప్రాణం తిరిగిచ్చే వస్తువు). ఈవీలు (స్టాట్‌లు పెంచడానికి మనం పంచే పాయింట్లు) హెచ్‌పీలో, అంటే ప్రాణంలో 252, స్పెషల్ అటాక్‌లో 252. నేచర్ (స్వభావం) మోడెస్ట్, అంటే స్పెషల్ అటాక్ పెంచేది.

స్వీకూన్ ఒకసారి కూర్చుందంటే (బూస్ట్‌లు కొట్టుకుని స్థిరపడిందంటే) లేపడం ఎవరి తరమూ కాదని ఎక్కడ చూసినా రాస్తారు. నా దగ్గర అసలు కూర్చోనే కూర్చోదు. నిన్న రాత్రి మ్యాచ్ చెప్తా. మొదట టైరానిటార్‌ని దింపాను. మూడో టర్న్‌లో ఎదురుగా స్వాంపర్ట్ ఉందని స్వీకూన్‌ని ముందే తెచ్చి కామ్ మైండ్ కొట్టాను. అదే టర్న్‌లో వాడు జాప్డోస్‌కి మారాడు. పర్లేదులే అని ఇంకో కామ్ మైండ్. థండర్‌బోల్ట్ తగిలి సగం ప్రాణం పోయింది. మళ్ళీ థండర్‌బోల్ట్, చావు అంచుల్లో రెస్ట్ వేశా. నిద్రలో స్లీప్ టాక్ నొక్కితే అది రెస్ట్‌నే ఎంచుకుంది! తర్వాతి టర్న్ కామ్ మైండ్ వచ్చింది. కళ్ళు తెరిచే లోపు ఇంకో థండర్‌బోల్ట్, అంతే సంగతులు.

ఎక్కడ తప్పు చేస్తున్నాను? లేక ఇది నా లాంటి వాళ్ళకి పనికొచ్చే పోకెమాన్ కాదా?


ఆవేశం స్టార్ రాశారు:

టైటిల్‌లో ఓయూ చూసి ఉస్మానియా నోటిఫికేషన్ ఏమైనా పడిందేమో అని పరిగెత్తుకొచ్చా.

బ్రో, మ్యాచ్‌లో సగం టైమ్ నిద్రపోయే జంతువు నీకెందుకు? సలమెన్స్ పెట్టుకో, డ్రాగన్ డాన్స్ ఒకటి కొట్టు, గెలువు లేదా ఓడిపో. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. నిద్రపోవాలంటే మంచం ఉందిగా.


లెక్కల మాస్టారు రాశారు:

చేపలపులుసు గారూ, ముందు ఈవీల సంగతి చూద్దాం. జబ్బు సగం అక్కడే ఉంది.

లెవెల్ 100లో మీ మోడెస్ట్ స్వీకూన్ స్పెషల్ అటాక్ 306. అక్కడ ఒక్క ఈవీ కూడా పెట్టని బోల్డ్ (డిఫెన్స్ పెంచే నేచర్) స్వీకూన్‌కి 216. తేడా పెద్దదే అనిపిస్తుంది. కానీ ఆ బోల్డ్ స్వీకూన్ ఒక్క కామ్ మైండ్ కొడితే 324 అవుతుంది. అంటే 252 ఈవీలు, పైన నేచర్ కూడా ఖర్చుపెట్టి మీరు కొన్నది, వాళ్ళు ఒక్క టర్న్‌లో ఉచితంగా తెచ్చుకుని మిమ్మల్ని దాటిపోతున్నారు.

కామ్ మైండ్ పెంచేవి రెండే: స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్. ఫిజికల్ డిఫెన్స్ జోలికి అది వెళ్ళదు. కాబట్టి ఈవీలు అక్కడ పెట్టాలి. హెచ్‌పీలో 252, డిఫెన్స్‌లో 252, బోల్డ్ నేచర్. అప్పుడు హెచ్‌పీ 404, డిఫెన్స్ 361. మీ దానికి డిఫెన్స్ 266.

ఆడమెంట్ (అటాక్ పెంచే నేచర్) టైరానిటార్ రాక్ స్లైడ్ మీ స్వీకూన్‌కి 30 నుంచి 36 శాతం తగులుతుంది. బోల్డ్ దానికి 22 నుంచి 27. చూడ్డానికి చిన్న తేడానే. కానీ మూడు నాలుగు దెబ్బలకి పడిపోయేది నాలుగైదు దెబ్బలు ఆగుతుంది, మధ్యలో లెఫ్టోవర్స్ ఉండనే ఉన్నాయి. ఆ మిగిలిన ఒక్క టర్నే రెస్ట్ కొట్టడానికి.

బల్క్ అప్ గానీ కర్స్ గానీ (ఇవి ఫిజికల్ డిఫెన్స్ పెంచే మూవ్‌లు) వాడే పోకెమాన్ అయితే లెక్క తిరగబడుతుంది, స్పెషల్ డిఫెన్స్‌లో పెట్టాలి. మూవ్ ఏ వైపు గోడ కడుతుందో దానికి రెండో వైపు మనం ఇటుకలు పేర్చాలి.

జాప్డోస్ లెక్క కూడా వేశాను. అవతలిది పూర్తి స్పెషల్ అటాక్ మోడెస్ట్ జాప్డోస్ అనుకుంటే, కామ్ మైండ్ లేని స్వీకూన్‌కి థండర్‌బోల్ట్ 73 నుంచి 86 శాతం. ఒక కామ్ మైండ్ మీద 49 నుంచి 58. రెండు కొట్టాక 37 నుంచి 44. మీ మ్యాచ్ అచ్చం ఈ అంకెల ప్రకారమే నడిచింది. దురదృష్టం పాత్ర చాలా తక్కువ.


చేపలపులుసు రాశారు:

మాస్టారూ, 306కీ 324కీ ఉన్న సంబంధం చూసి తల కొట్టుకున్నా. రెండు నెలలుగా ఇదే పెట్టుకుని తిరుగుతున్నాను. మరి స్లీప్ టాక్‌లో రెస్ట్ రావడం కూడా నా దురదృష్టం కాదా?


లెక్కల మాస్టారు రాశారు:

కాదండీ. స్లీప్ టాక్ మిగతా మూడు మూవ్‌లలో ఒకటి లాటరీ తీస్తుంది. అందులో రెస్ట్ కూడా ఉంది. నిద్రలో ఉన్నవాడు మళ్ళీ నిద్రపోలేడు కాబట్టి ఆ టర్న్ వృథా. మూడింట ఒక వంతు సార్లు ఇలా అవుతుందని ముందే రాసిపెట్టుకోవాలి.


పాతచింతకాయ రాశారు:

తమ్ముడూ, మాస్టారు అంకెలు చెప్పారు, నేను ఆట చెప్తా. గోల్డ్, సిల్వర్‌లలో స్వీకూన్ వచ్చినప్పుడు కామ్ మైండ్ అనేదే లేదు. 2002లో రూబీ, సఫైర్‌తో కామ్ మైండ్ వచ్చాకే దీనికి దశ తిరిగింది. అప్పటి నుంచి ఇది రెండు రకాల వాళ్ళని చూసింది. ఒకరు దీన్ని ముందు దింపి ఓడిపోతారు, ఇంకొకరు చివర దింపి గెలుస్తారు. నువ్వు మూడో టర్న్‌లో దింపావు.

"బల్కీ" అనే మాట విని అందరూ మోసపోతారు. ఏ దెబ్బైనా ఆగుతుందని కాదు దానర్థం. కొన్ని పోకెమాన్‌ల ముందు మాత్రమే తీరిగ్గా కూర్చోగలదని అర్థం. మిగతా వాళ్ళని నీ టీమ్‌లోని మిగతా ఐదుగురూ పక్కకి తప్పించాలి. పెళ్ళికొడుకు రావడానికి ముందే పందిరి వెయ్యాలి కదా, పెళ్ళికొడుకు చేతికి గునపం ఇచ్చి గుంతలు తవ్వమంటే ఎట్లా?

స్వీకూన్‌కి పందిరంటే ఏంటి? జాప్డోస్, రైకూ, జోల్టియాన్, సెలెబీ, బ్లిస్సీ దారిలో లేకుండా చేయడం. ఎదుటి టీమ్‌లో వీళ్ళలో ఎవరున్నారో తెలిసేదాకా స్వీకూన్‌ని సెటప్‌కి దింపకు. దింపినా ఒక సర్ఫ్ కొట్టి వెనక్కి తీసుకెళ్ళు. మీ వాడి జాప్డోస్ ఎక్కడుందో నీకు తెలియకుండానే నువ్వు కామ్ మైండ్ నొక్కావు. నిజానికి అక్కడే మ్యాచ్ పోయింది, మిగతా ఐదు టర్న్‌లు శవపరీక్ష.

ఇంకోటి. మాస్టారు గమనించలేదో, మర్యాద కోసం చెప్పలేదో తెలీదు గానీ, నీ టీమ్‌లో టైరానిటార్ ఉంది. మూడో జెన్‌లో దాని ఇసుక తుఫాను ఆగదు. ప్రతి టర్న్ 16వ వంతు ప్రాణం తీస్తుంది. లెఫ్టోవర్స్ ఇచ్చేదీ 16వ వంతే. అంటే నీ లెఫ్టోవర్స్‌ని నీ టైరానిటారే తినేస్తోంది. ఇంటి దొంగ.


లెక్కల మాస్టారు రాశారు:

గమనించలేదండీ, ఒప్పుకుంటున్నాను.


ఆవేశం స్టార్ రాశారు:

పెళ్ళి, పందిరి, శవపరీక్ష ఒకే పోస్టులో. చింతకాయ అన్నా, నీకు దండం.


బెజవాడ బ్లిస్సీ రాశారు:

నా పేరు చూస్తే తెలుస్తుందిగా, నేను ఎదుటి గట్టు మనిషిని. స్వీకూన్ ఎవరైనా దింపితే నాకు పండగ. అందుకే శత్రువు వైపు నుంచి చెప్తా, పనికొస్తుంది.

బోల్డ్ స్వీకూన్ ఆరు కామ్ మైండ్‌లు కొట్టినా, అంటే ఇక పెంచడానికి ఏమీ మిగలని స్థితిలో కూడా, స్పెషల్ డిఫెన్స్‌లో ఏమీ పెట్టని నా బ్లిస్సీకి సర్ఫ్ 40 నుంచి 48 శాతం మాత్రమే తగులుతుంది. సాఫ్ట్ బాయిల్డ్ ఒకటి నొక్కితే సగం ప్రాణం వెనక్కి. మధ్యలో సైస్మిక్ టాస్ వేస్తూ ఉంటా. ఏ బూస్టూ దాన్ని తగ్గించలేదు, ఎప్పుడు వేసినా 100. క్రిట్ (అదృష్టం కొద్దీ పడే పెద్ద దెబ్బ) పడితే తప్ప స్వీకూన్‌కి దారి లేదు.

స్కార్మరీ అయితే ఇంకా సులువు. స్పైక్స్ (దిగేవాళ్ళకి గుచ్చుకునే ముళ్ళు) మూడు పొరలు పరిచి రోర్ (ఎదుటివాడిని వెనక్కి తరిమి ఇంకొకడిని లాక్కొచ్చేది) కొడుతుంది. స్వీకూన్ కొట్టుకున్న కామ్ మైండ్‌లన్నీ గాల్లో కలిసిపోతాయి, మళ్ళీ వచ్చేటప్పుడు స్పైక్స్‌కి పావు వంతు ప్రాణం సమర్పించి రావాలి.

నన్ను నిజంగా భయపెట్టిన స్వీకూన్ ఒక్కటే. దానికి రెస్ట్, స్లీప్ టాక్ లేవు. సబ్‌స్టిట్యూట్ (తన బదులు దెబ్బలు తినే బొమ్మ) ఉంది. అప్పటికి నాకు ఈ సంగతి తెలీదు. సైస్మిక్ టాస్ వేశా, బొమ్మ పగలలేదు. స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయా. మాస్టారు గారు ఎందుకో చెప్తారు, నేను చెప్తే ఆయన బాధపడతారు.


లెక్కల మాస్టారు రాశారు:

అక్కా, నా బలహీనత బాగా పట్టారు.

సబ్‌స్టిట్యూట్‌కి హెచ్‌పీలో నాలుగో వంతు ఖర్చు. స్వీకూన్ హెచ్‌పీ 404, నాలుగో వంతు సరిగ్గా 101. సైస్మిక్ టాస్ లెవెల్‌తో సమానంగా కొడుతుంది, అంటే 100. బొమ్మకి ఒక్క ప్రాణం మిగులుతుంది! తర్వాతి టర్న్‌లో స్వీకూన్ కామ్ మైండ్ కొడుతుంది, బ్లిస్సీ ఆ ఒక్క ప్రాణం తీయడానికి ఇంకో టాస్ వృథా చేసుకుంటుంది. రెండు టర్న్‌లకి లెఫ్టోవర్స్ 50 తిరిగిస్తాయి. అంటే 51 హెచ్‌పీ నికర ఖర్చుతో ఒక కామ్ మైండ్.

హెచ్‌పీలో 252 బదులు 248 పెట్టారనుకోండి, 403 అవుతుంది. బొమ్మకి 100. మొదటి టాస్‌కే పగిలిపోతుంది. నాలుగు ఈవీలు మిగిలాయి కదా అని ఇంకోచోట పెట్టేవాళ్ళని చూశాను, అందుకే చెప్తున్నాను.

పైగా స్వీకూన్‌కి ప్రెషర్ ఉంది. దాని మీద వేసే ప్రతి మూవ్‌కీ రెండేసి పీపీ (మూవ్ ఎన్నిసార్లు వాడొచ్చో ఆ లెక్క) ఖర్చు. బ్లిస్సీ టాస్‌కి 32 పీపీ ఉన్నా 16 సార్లే వేయగలదు. కానీ సాఫ్ట్ బాయిల్డ్ తన మీద తాను వేసుకునేది కాబట్టి దానికి ప్రెషర్ వర్తించదు.


డోండోజో ఫ్యాన్ రాశారు:

పెద్దలందరికీ నమస్కారం. నేను తొమ్మిదో జెన్ మనిషిని, స్కార్లెట్, వయలెట్‌లతోనే ఇందులోకి వచ్చా. ఇక్కడ చెప్పేవి మా దగ్గర కూడా నడుస్తాయా?

డోండోజోకి కర్స్, రెస్ట్, స్లీప్ టాక్ పెడితే అచ్చం మీ స్వీకూన్ కథే. హెచ్‌పీ బేస్ 150, డిఫెన్స్ 115. పైగా అన్‌అవేర్ ఎబిలిటీ, అవతలి వాడు ఎన్ని స్వోర్డ్స్ డాన్స్‌లు ఆడినా దీనికి పట్టదు. కానీ స్పెషల్ డిఫెన్స్ 65 మాత్రమే, కర్స్ దాన్ని పెంచదు. మాస్టారు చెప్పిన ఇటుకల సంగతి ఇప్పుడు అర్థమైంది.

మా దగ్గర బాధ ఏంటంటే రెస్ట్, రికవర్ లాంటి వాటికి పీపీ 10 నుంచి 5కి కోసేశారు. పీపీ అప్ పెట్టినా 8. ఎనిమిది నిద్రల తర్వాత డోండోజో మామూలు చేపే.

ఇంకొకటి గార్గనాకిల్. ఐరన్ డిఫెన్స్ కొట్టి బాడీ ప్రెస్ వేస్తుంది. బాడీ ప్రెస్‌కి దెబ్బ డిఫెన్స్ నుంచే లెక్క కడతారు కాబట్టి ఒకే మూవ్‌తో గోడా, గుద్దూ రెండూ పెరుగుతాయి. ఘోస్ట్‌లకి మాత్రం తగలదు. దాని ప్యూరిఫైయింగ్ సాల్ట్ వల్ల విషం, కాలడం ఏవీ అంటవు. ఒకసారి తెలివిగా దానికి రెస్ట్ పెట్టా. నిద్ర కూడా స్టేటసే కదా, పనిచేయలేదు. ల్యాడర్‌లో (ర్యాంకుల మ్యాచ్‌లలో) అందరి ముందూ నేర్చుకున్న పాఠం.


డబుల్స్ దోసె రాశారు:

మా వీజీసీలో (అధికారిక డబుల్స్ పోటీల్లో) ఇంత తీరిక ఉండదండీ. ఆరుగురిలో నలుగురినే తీసుకెళ్తాం, ఎదురుగా ఒకేసారి ఇద్దరు కొడతారు, కామ్ మైండ్ కొట్టేలోపు మ్యాచ్ సగం అయిపోతుంది. డోండోజో మాత్రం మా దగ్గర వేరే దారిలో వచ్చింది. టట్సుగిరి దాని నోట్లోకి దూరితే కమాండర్ ఎబిలిటీతో ఐదు స్టాట్‌లూ రెండేసి మెట్లు పెరుగుతాయి. ఒక్క టర్న్ కూడా ఖర్చు లేదు. అవతల హేజ్ (బూస్ట్‌లన్నీ తుడిచేసే మూవ్) ఉంటే మాత్రం అంతా హుళక్కి. మర్క్రో లాంటిది ప్రాంక్‌స్టర్ ఎబిలిటీతో ముందే హేజ్ వేసేస్తే చేప నోట్లో చేప, అంతే.


చేపలపులుసు రాశారు:

అన్నా (చింతకాయ అన్నా), ఒక అనుమానం. అక్క చెప్పిన స్కార్మరీ రోర్ సంగతికి విరుగుడు లేదా? మాగ్నెటన్ పెట్టాలా?


పాతచింతకాయ రాశారు:

మాగ్నెటన్ ఒక దారి. మాగ్నెట్ పుల్ వల్ల స్కార్మరీ పారిపోలేదు, అక్కడికక్కడే పోతుంది. కానీ ఒక స్థానం దానికి ఇచ్చేయాలి.

రెండో దారి నాకు ఇష్టమైనది. రోర్ పనిచేయాలంటే నీ వెనక ఇంకో పోకెమాన్ ఉండాలి. ఎవరూ లేకపోతే ఎవరిని లాక్కొస్తుంది? స్వీకూన్ ఆఖరిదిగా మిగిలితే స్కార్మరీ అరిచి గీపెట్టినా ఏమీ కాదు. అందుకే నేను మిగతా ఐదుగురినీ మొహమాటం లేకుండా ఖర్చుపెడతా. గెంగార్‌ని బ్లిస్సీ మీద పేల్చేస్తా, స్నోర్లాక్స్‌ని సెలెబీ మీద పేల్చేస్తా. నాకు ఒకడు, వాడికి ముగ్గురు మిగిలినా, ఆ ముగ్గురిలో స్వీకూన్‌ని ఆపేవాడు లేకపోతే మ్యాచ్ నాదే. కొత్తవాళ్ళు ఎంతమంది మిగిలారో లెక్కపెడతారు. ఎవరు మిగిలారో చూడు.

ఒక్క హెచ్చరిక. ఎక్స్‌ప్లోజన్ (తనే పేలిపోయి కొట్టే మూవ్) మనకే కాదు, వాడికీ ఉంటుంది. మూడో జెన్‌లో అది తగిలేవాడి డిఫెన్స్‌ని సగం చేసి కొడుతుంది. పూర్తి అటాక్ పెట్టిన ఆడమెంట్ మెటాగ్రాస్ పేలితే నిండు ప్రాణంతో ఉన్న బోల్డ్ స్వీకూన్ కూడా దాదాపు ఎప్పుడూ పోతుంది. కామ్ మైండ్ అడ్డం రాదు. మెటాగ్రాస్ బతికుంటే స్వీకూన్‌కి నిద్ర పట్టకూడదు.


లెక్కల మాస్టారు రాశారు:

క్రిట్ సంగతి కూడా చేర్చుకోండి. క్రిట్ పడితే మన బూస్ట్‌లు లెక్కలోకి రావు. మూడో జెన్‌లో 16కి ఒకటి, దెబ్బ రెట్టింపు. 20 దెబ్బలు తింటే కనీసం ఒక్క క్రిట్ పడే అవకాశం 72 శాతం. ఇప్పటి జెన్‌లలో 24కి ఒకటి, దెబ్బ ఒకటిన్నర రెట్లు. "ఆరు కామ్ మైండ్‌లూ కొట్టాకే కొడతా" అని కూర్చునేవాళ్ళు ఈ 72 దగ్గరే ఏడుస్తారు. రెండు మూడు చాలు, సర్ఫ్ మొదలుపెట్టండి.


ఆవేశం స్టార్ రాశారు:

20 దెబ్బలు తినే ఓపిక ఉన్నవాడు సివిల్స్‌కి ప్రిపేర్ అవ్వొచ్చు కదా.


చేపలపులుసు రాశారు:

ఐదు రోజుల తర్వాత వచ్చా, మన్నించాలి. టైరానిటార్‌ని తీసేసి స్నోర్లాక్స్‌ని పెట్టా. స్వీకూన్ బోల్డ్ అయింది. సబ్‌స్టిట్యూట్ సెట్ కూడా ప్రయత్నించా గానీ నా చేతికి రెస్టే అలవాటైంది.

నిన్నటి మ్యాచ్ రాయకుండా ఉండలేను. వాడి టీమ్‌లో జాప్డోస్, బ్లిస్సీ, సెలెబీ, క్లేడాల్, స్వాంపర్ట్, స్కార్మరీ. అంటే స్వీకూన్‌కి పడని వాళ్ళు ముగ్గురు. పేర్లు కాగితం మీద రాసి పెట్టుకున్నా. స్వీకూన్ 40 టర్న్‌ల దాకా సర్ఫ్ తప్ప ఏమీ కొట్టలేదు. జాప్డోస్‌ని స్నోర్లాక్స్ బాడీ స్లామ్‌లతో అరగదీసి చంపింది, తర్వాత సెలెబీ మీద పేలిపోయింది. బ్లిస్సీ స్పైక్స్ తిని సగానికి వచ్చాక గెంగార్‌తో ఎక్స్‌ప్లోజన్. ఆ టర్న్ నొక్కేటప్పుడు చెయ్యి వణికింది, వాడు స్కార్మరీకి మారితే నా పని అయిపోయేది. మారలేదు.

చివరికి నాకు స్వీకూన్ ఒక్కటే. వాడికి స్కార్మరీ, స్వాంపర్ట్, క్లేడాల్. స్కార్మరీ రోర్ కొట్టింది. "ఫెయిల్" అని వచ్చింది. చింతకాయ అన్నా, ఆ ఒక్క పదం చూసి కుర్చీలోంచి లేచా. మా అమ్మ లోపలి నుంచి "ఏమైందిరా" అని అరిచింది.

తర్వాత టెన్షన్ మొదలైంది. స్వీకూన్ నిద్రలో ఉండగా క్లేడాల్ వచ్చి పేలింది. 92 శాతం మీదున్నది 44కి పడింది. నిద్ర లేచాక స్వాంపర్ట్ ఎర్త్‌క్వేక్. మళ్ళీ రెస్ట్. మొదటి స్లీప్ టాక్‌కి ఏం వచ్చిందో చెప్పండి? మళ్ళీ రెస్టే. ఈసారి మాత్రం తిట్టుకోలేదు, మూడింట ఒకటి అని మాస్టారు చెప్పారుగా. రెండోసారి సర్ఫ్ వచ్చింది. లేచాక ఇంకో సర్ఫ్, స్వాంపర్ట్ పోయింది. అప్పటికే నాలుగు కామ్ మైండ్‌లు ఉన్నాయి, స్కార్మరీ ఒక్క దెబ్బకి పడింది. మొత్తం 83 టర్న్‌లు. కంచంలో వేసుకున్న అన్నం చల్లగా గడ్డకట్టింది.


పాతచింతకాయ రాశారు:

పందిరి బాగా వేశావు తమ్ముడూ. గెంగార్‌తో పేలేటప్పుడు చెయ్యి వణకడం ఇంకో పదేళ్ళైనా పోదు, నాకు పోలేదు.


ఆవేశం స్టార్ రాశారు:

83 టర్న్‌లు చదివేసరికే నిద్రొచ్చింది. అది సరే గానీ, ఆ టీమ్ ఎక్స్‌పోర్ట్ ఇక్కడ పెట్టు బ్రో. ఊరికే, చూడ్డానికి.


బెజవాడ బ్లిస్సీ రాశారు:

ఆగు, పెట్టకు. చేపలపులుసు, రాత్రి పదింటికి ఖాళీయేనా? ముందు నా బ్లిస్సీ మీద ఆడు. నా టీమ్‌లో మెటాగ్రాస్ కూడా ఉంది, తర్వాత చెప్పలేదనకు.